ఊదా గీతకు అవతలి జింక

మా బావ ఎల్వుడ్ హాకెన్‌బెర్రీ అబద్ధమాడటం నలభై ఏళ్లలో నేను ఒక్కసారే చూశాను. ఆ ఒక్కటీ నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మనిషి ఎలాంటివాడో చెబితేగాని మీకు నా కోపం అర్థం కాదు. ముప్ఫై మూడేళ్లు సున్నపురాయి గనిలో లారీ నడిపాడు. మోకాళ్లు అరిగిపోయాయి, వేళ్ల కణుపులు వాచిపోయాయి. మా అక్క ఫెర్న్ ఎంత మొత్తుకున్నా, నవంబరు చివర మంచు పడగానే కొండమీది వేట గుడిసెకు బయలుదేరతాడు. గుడిసె, దాని చుట్టూ డెబ్బై ఎకరాల అడవి ఆయనకు తండ్రి ఇచ్చినవి. అక్కడ ఆయన మాటే చట్టం. జింక పక్కకు తిరిగి కదలకుండా నిలబడితేనే కాల్చాలి. గురి తప్పిందన్నవాడి మాట నమ్మకూడదు, ఇంకొకడు వెళ్లి నెత్తురు ఉందో లేదో చూసి రావాలి. తుపాకీ వసారాలోనే ఉండాలి. వెచ్చటి గదిలోంచి ఒక్కసారిగా చలిలోకి తీసుకెళితే దాని మీది దుర్బిణీ అద్దం మసకబారుతుంది. మా అబ్బాయి లెరాయ్ ఓసారి మరిచిపోయి లోపలికి తెస్తే, “పాపం చలేస్తోందేమో, దుప్పటి కూడా కప్పకపోయావా?” అని రెండేళ్లు ఏడిపించాడు.

ఏటా అక్కడ చేరే మా వాళ్లలో గురి తప్పినవాడికి శిక్ష ఒకటుంది. చొక్కా వెనక అంచు కత్తిరించి, దాని మీద పేరూ సంవత్సరమూ రాసి, గోడకు మేకు కొడతాం. నావి నాలుగున్నాయి. లెరాయ్‌వి కలిపి కుడితే ఓ కిటికీకి తెర అవుతుంది. ఎల్వుడ్ పేరుతో గోడ మీద గుడ్డపీలిక కూడా లేదు.

ఆ ఏడు వేట మొదలైన రోజు పొద్దున ఎనిమిదింటికి ఆయన వైపునుంచి ఒక్క తుపాకీ మోత వినిపించింది. తొమ్మిదిన్నరకు గుడిసెకు వచ్చి, బూట్లు దులుపుకుంటూ, “తప్పింది” అన్నాడు.

లెరాయ్ కత్తెర వెతికాడు. “రా మామా, నీ కోసం గోడ మీద నడిమధ్య చోటు ఉంచాం” అన్నాడు. తిడతాడనుకున్నాం. తిట్టలేదు. వీపు తిప్పి నిలబడ్డాడు. అంతా పడీపడీ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ అంత తొందరగా వీపు తిప్పిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

ఎల్వుడ్ మాటే కదా అని, నెత్తురు చూడటానికి ఎవరూ లేవలేదు. మరో అరగంట అలాగే గడిచింది. నాకే మనసొప్పక, కట్టెలు తెస్తానని చెప్పి బయటపడ్డాను.

ఆయన కూర్చున్న చోటికి ఎదురుగా, ఎనభై గజాల దూరంలో మంచు చెదిరి ఉంది. పిల్లి మట్టి కప్పినట్టు ఎవరో బూటుతో మంచు కప్పారు. చేత్తో తీశాను. కింద ఎర్రగా నెత్తురు, అందులో గోరంత ఎముక ముక్కలు. వెనక కాలొకటి ఈడ్చుకుపోయిన చార. దాని మీద కూడా మంచు కప్పుకుంటూ వెళ్లాడు. అరవై అడుగుల తర్వాత బూడిదరంగు చెట్టొకటి ఉంది. దాని బోదె మీద ఊదారంగు గీత ఉంది. ఆ గీత దాటితే హార్లన్ క్రమ్ భూమి. మా రాష్ట్రంలో ఆ రంగుకు అర్థం ఒకటే, అడగకుండా అడుగు పెట్టొద్దని. గీతకు అవతల నెత్తురు అలాగే ఉంది. దాన్ని కప్పడానికి ఎల్వుడ్ వెళ్లలేదు.

హార్లన్‌తో ఆయనకు మాటలు లేక పదకొండేళ్లు. హార్లన్ భూమి కొలిపిస్తే, ఎల్వుడ్ తండ్రి కట్టుకున్న వేట మంచె హద్దుకు అవతల తేలింది. ఒక్క మాటైనా చెప్పకుండా హార్లన్ దాన్ని రంపంతో కోసి పడేశాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర అందరి ముందూ ఎల్వుడ్ ఒట్టు పెట్టుకున్నాడు, ఊపిరుండగా వాడి గుమ్మం తొక్కనని.

తిరిగొచ్చేసరికి ఆయన కట్టెల కొట్టం దగ్గర ఒక్కడే ఉన్నాడు.

“బావా, కాలికి తగిలింది” అన్నాను.

“తప్పిందన్నాగా.”

“ఎముక చూశాను.”

చేతిలో మొద్దు కింద పెట్టాడు. “రాత్రి తుపాకీ లోపలికి తెచ్చుకున్నా గేలెన్. చలికి వేళ్లు వంగట్లేదు, పొయ్యి దగ్గర కూర్చుని దానికి నూనె రాద్దామనుకున్నా. పొద్దున అద్దంలో అంతా పొగే. తుడిచాను. కొమ్ములు కనిపించాయి, ఒళ్లు సరిగ్గా కనిపించలేదు.”

“కనిపించకుండానే కాల్చేశావా?”

“కాల్చాను.”

నాకు ఒళ్లు మండిపోయింది. “కడుపులో తగిలితే అది పడేదాకా ఆగమని చెప్పేది నువ్వే. కాలు విరిగితే వెంటనే వెంటపడమని చెప్పేదీ నువ్వే. టైమెంతయిందో చూశావా? పదకొండు.”

“నువ్వు ఫోన్ చెయ్యి. నీతో బాగానే మాట్లాడతాడు.”

“కాల్చింది నేనా?”

“ఒట్టు పెట్టుకున్నాన్రా.”

“ఒట్టు తీసి గట్టు మీద పెట్టు. నీ మాట బతకడానికి అది అక్కడ కాలీడ్చుకుంటూ చావాలా? పోనీ లోపలికెళ్లి అందరికీ చెప్పమంటావా?”

నా మీద చెయ్యి చేసుకుంటాడనే అనుకున్నాను. తుపాకీలోంచి గుళ్లు తీసి జేబులో వేసుకున్నాడు, తుపాకీ వసారాలో పెట్టాడు, వెళ్లి ట్రక్కు ఎక్కాడు. అడగడానికి వెళ్లేవాడు వట్టి చేతులతో వెళ్లాలి. నేనూ పక్కన ఎక్కాను.

హార్లన్ తలుపు తీసి, ముందు కోటు కింద పక్కగా వేలాడుతున్న చొక్కా తెగిన అంచు వైపు చూశాడు. “ఎవరో కత్తెర వేసినట్టున్నారే.”

“జింకకి దెబ్బ తగిలింది. వెనక కాలు. నీ వైపొచ్చింది” అన్నాడు ఎల్వుడ్.

“ఎప్పుడు?”

“ఎనిమిదింటికి.”

“ఎనిమిదింటికి తగిలితే ఇప్పుడా రావడం?”

“తప్పిందని మావాళ్లకి అబద్ధం చెప్పాను.”

హార్లన్ పక్కకు తప్పుకోలేదు, తలుపూ వెయ్యలేదు. “సరే. ఏం కావాలో నోరు తెరిచి అడుగు.”

ఎల్వుడ్ గొంతు సవరించుకున్నాడు. ఆ రెండు క్షణాలూ వెనక్కి తిరిగేస్తాడేమో అనుకున్నాను. “నీ భూమిలోకి రానిస్తావా?” అన్నాడు చివరికి.

“ముందు నడు. బతికుంటే నా తుపాకీ ఇస్తా, నువ్వే కాల్చు” అని హార్లన్ కోటు తొడుక్కున్నాడు.

ఎల్వుడ్ ముందు, నేను మధ్యలో, తుపాకీతో హార్లన్ వెనక. పదకొండేళ్ల పగ మా వెనకాలే నడుస్తోంది. మంచు మీద అంతా రాసినట్టే ఉంది. ఒకచోట జింక పడుకుంది, లేచింది. ఇంకోచోట పడుకుంది, మళ్లీ లేచింది. మూడోచోట కొయోటీ నక్కల అడుగులు కలిశాయి. అక్కడినుంచి మంచంతా కుళ్లబొడిచినట్టుంది.

చెట్ల గుబురు కింద దొరికింది. ఎనిమిది కొనల కొమ్ములున్న మగ జింక. వెనక భాగమంతా తినేశాయి. ఎల్వుడ్ చేతికి ఉన్న తొడుగు తీసి దాని మెడ మీద అరచెయ్యి ఆనించాడు.

“ఇంకా వెచ్చగానే ఉంది” అన్నాడు. “తొమ్మిదిన్నరకే నీ దగ్గరికొచ్చుంటే ఒక్క గుండుతో పోయేది” అన్నాడు.

నేను అనాలనుకున్న మాట అదే. ఆయన నోట విన్నాక నాకు కోపం నిలవలేదు, ఏడుపొచ్చింది.

హార్లన్ వంగి చూశాడు. “దీన్ని చంపింది నువ్వు కాదు, నక్కలు. చీటీ దండగ చేసుకోకు. ఇంకా రెండు వారాల వేట ఉంది.”

మగ జింకను చంపడానికి ప్రభుత్వం ఏడాదికి మనిషికి ఒకటే చీటీ ఇస్తుంది, చంపినదాని చెవికి కట్టాలి. అది కడితే ఎల్వుడ్‌కు ఆ ఏడు వేట అయిపోయినట్టే. తినడానికి పనికిరానిదానికి కట్టకపోతే అడిగేవాడు లేడు. ఆయన జేబులోంచి చీటీ, పెన్సిలు తీశాడు. వేళ్లు వంగక పెన్సిలు రెండుసార్లు కింద పడింది. నేను రాస్తానంటే నా చెయ్యి తోసేశాడు. పేరు రాశాడు. చంపిన సమయం అన్నచోట ఎనిమిది గంటలని రాశాడు. దారంతో చెవికి కట్టాడు.

“దీన్ని నీ భూమిలో వదలను” అని ఒక కొమ్ము పట్టుకుని లాగడం మొదలుపెట్టాడు. పది అడుగులకే మోకాళ్లు మొరాయించాయి. నేను కదిలేలోపు హార్లన్ తుపాకీ ఖాళీ చేసి భుజానికి తగిలించుకుని రెండో కొమ్ము పట్టుకున్నాడు. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా అంత దూరమూ లాగారు.

ఊదా గీత ఉన్న చెట్టు దగ్గర ఎల్వుడ్ ఇవతలికి అడుగు వేశాడు. హార్లన్ వెయ్యలేదు. కొమ్ము వదలకుండానే, తన వైపు మంచులో ఆగిపోయాడు.

“ఎల్వుడ్, నీ భూమిలోకి రావచ్చా?” అని అడిగాడు.

అరవై తొమ్మిదేళ్ల మా బావ, కళ్లు తుడుచుకోవడానికి కూడా కొమ్ము వదలకుండా ఏడుస్తూ, పక్కకు జరిగి హార్లన్‌కు దారి ఇచ్చాడు.