ఏరు దాటించాలనుకున్న పిల్లి

2023లో వానలు తగ్గుముఖం పట్టిన రోజులు. అప్పుడు నేను సుక్మా జిల్లా కుంటలో ప్రభుత్వ పశువైద్యురాలిని. బోర్డుల మీద హిందీలో కోంటా అని రాసి ఉంటుంది కానీ తెలుగువాళ్ళం కుంట అనే అంటాం. మా నాన్న కిరండూల్ ఇనుప గనుల్లో పని కోసం విజయనగరం వైపు నుంచి వచ్చినవాడు కాబట్టి నేను పుట్టిందీ పెరిగిందీ బస్తర్‌లోనే. ఆసుపత్రిలో కూర్చుంటే హిందీ, హల్బీ, దోర్లీ, తెలుగు నాలుగూ మాట్లాడాల్సి వస్తుంది. మేకలకు మాత్రం ఏ భాషలో చెప్పినా ఒకటే, వినవు.

మా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా ఆవులు, మేకలు, కోళ్ళు. పిల్లికి జబ్బు చేస్తే డాక్టరుకు చూపించాలన్న ఆలోచన ఇక్కడ తక్కువ. దాని తిప్పలు అదే పడుతుందిలే అనుకుంటారు. అందుకే ఒక రోజు ఒకామె మూత కట్టిన వెదురు బుట్ట తెచ్చి బల్ల మీద పెట్టి, అందులోంచి పిల్లి అరుపు వినిపించగానే నాకు సంతోషం వేసింది. ఆ సంతోషం ఆమె నోరు విప్పేదాకే నిలిచింది.

ఆమె పేరు శైలజ. బజారులో కిరాణా దుకాణం, దాని వెనకే ఇల్లు, ఇంటి పక్కన చింతపండు, బియ్యం నిలవ చేసే గోదాము ఉన్న కుటుంబానికి కోడలు. దుకాణమూ ఇల్లూ రెండూ ఆమె చేతి మీదే నడుస్తాయని బజారులో అందరికీ తెలుసు.

"రెండు నెలల సంది పరేషాన్ చేస్తాంది మేడమ్ ఈ మున్నీ. ఒకపాలి స్టోర్ రూమ్ మూలకు పోస్తది, ఒకపాలి మా అత్తమ్మ పక్క మీద పోస్తది. దానికోసమని టబ్బుల ఇసుక పోసి పెట్టినం. దాని మొకం కూడ చూస్తలేదు. ఇలాజ్ ఉంటే చెయ్యండి. లేకపోతే మా ఆయన ఏరు దాటిస్త అంటుండు."

ఏరు దాటించడమంటే పిల్లిని గోనెసంచిలో వేసి, పడవ మీద శబరి దాటించి, ఒడిశా ఒడ్డున వదిలేసి రావడం. నీళ్ళు దాటిన పిల్లికి తిరిగి దారి తెలియదని ఇక్కడివాళ్ళ నమ్మకం. పిల్లిని చంపితే పాపం, దాటిస్తే పాపం లేదని ఒక లెక్క. బుట్టలో ఉన్నది పదమూడేళ్ళ ముసలి పిల్లి, సగం పళ్ళు ఊడిపోయాయి. అవతలి ఒడ్డున కుక్కల మధ్య అది ఒక్క రోజు కూడా బతకదు. ఇన్నేళ్ళూ ఆ ఇంటి బియ్యం బస్తాలను ఎలుకల నుంచి కాపాడిన జీవిని అలా వదిలేస్తామంటే నాకు ఒళ్ళు మండింది. డాక్టరుకు ఒళ్ళు మండితే పని జరగదు కాబట్టి గ్లవ్స్ తొడుక్కున్నాను.

ఇంట్లో పిల్లి మలమూత్రాల కోసం పెట్టే ఇసుక తొట్టిని మేము లిట్టర్ బాక్స్ అంటాం. పట్నాల్లో అందులో పోయడానికి ప్రత్యేకంగా మట్టి అమ్ముతారు, కుంటలో మాత్రం శబరి ఇసుకే. ముసలి పిల్లి ఆ తొట్టిని మానేసిందంటే అది పొగరూ కాదు, పగా కాదు. కిడ్నీలు చెడి ఉండొచ్చు, షుగర్ ఉండొచ్చు, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉండొచ్చు, లేదా కీళ్ళ నొప్పితో తొట్టి ఎక్కలేకపోతూ ఉండొచ్చు. మున్నీ పొట్ట మెల్లగా నొక్కి నాలుగు చుక్కల మూత్రం పట్టి డిప్‌స్టిక్ ముంచాను. అది మందు పూసిన పట్టీ, తేడా ఉంటే రంగు మారుతుంది. అనుమానపడాల్సిన రంగేదీ కనిపించలేదు. వెనక కాళ్ళు వంచబోయేసరికి మాత్రం మున్నీ ఉన్న పళ్ళతోనే నా చెయ్యి పట్టుకుంది. తుంటి కీళ్ళలో ఆర్థరైటిస్, అంటే కీళ్ళవాపు, బాగానే ఉంది.

"టబ్బు ఎంత ఎత్తుంటుంది?" అని అడిగాను.

"మోకాలి కన్న కొంచెం తక్కువ. ముందుగాల లోతు లేని గమేళా ఉండె. ఇసుక బయట చిందుతాందని కొత్తగ ఈ టబ్బు పెట్టిన."

"కడిగేదెట్లా?"

"రోజూ ఫినాయిల్ వేసి కడుగుత మేడమ్. మా ఇంట్ల సఫాయికి ఏం తక్కువ లేదు," అంది కాస్త గర్వంగా.

తక్కువ కాదు, ఎక్కువైంది. ఫినాయిల్ పిల్లులకు విషం. పాదాలకు అంటితే నాకేసుకుంటాయి, ఆ వాసనకే ఆ చోటు వదిలేస్తాయి. పైగా కీళ్ళు పట్టేసిన పిల్లి మోకాలెత్తు గోడ ఎలా దూకుతుంది? టబ్బుకు ఒక పక్క బెత్తెడు ఎత్తు మిగిలేలా కోయమన్నాను. ఫినాయిల్ మానేసి సబ్బు నీళ్ళతో కడిగి ఎండలో పెట్టమన్నాను. కీళ్ళకు మందు రాసిచ్చి, మనుషుల నొప్పి మాత్రలు మాత్రం పొరపాటున కూడా వేయొద్దని హెచ్చరించాను. కేసు తేలికగా తేలిపోయిందనుకున్నాను.

రెండు వారాలు పోయాక శైలజ మళ్ళీ వచ్చింది, ఈసారి బుట్ట లేకుండా.

"స్టోర్ రూమ్ మూల బందయింది మేడమ్. టబ్బుల మంచిగ పోయి కూసుంటాంది. అత్తమ్మ పక్క మాత్రం విడువలే. చెద్దరు ఉతుకుడు, పరుపు ఎండకేసుడు, ఇదే పనైంది నాకు. మా ఆయన ఆదివారానికి పడవ మాట్లాడిండు."

నాకు అంతుపట్టలేదు. తొట్టి బాగుపడగానే ఒక చోట మానేసిన పిల్లి రెండో చోట ఎందుకు మానదు? బయటి నుంచి గండుపిల్లులేమైనా వస్తాయా అని అడిగాను. ఇది నా హద్దు అని చాటుకోవడానికి అవి పరాయి ఇళ్ళలో దూరి పక్కల మీద, బస్తాల మీద మూత్రం చిమ్ముతుంటాయి. గోదాము కిటికీలోంచి ఒక నల్లది వచ్చిపోతుంటుందని శైలజ చెప్పింది. దొంగ దొరికిందని నాకు హుషారు వచ్చింది.

అలాంటి దొంగను పట్టడానికి మా వృత్తిలో ఒక ఉపాయం ఉంది. ఫ్లోరోసీన్ స్ట్రిప్ అని నారింజ రంగు మందు అద్దిన కాగితపు పట్టీ ఉంటుంది. కంటి నల్లగుడ్డు మీద గీత పడితే తెలుసుకోవడానికి వాడతాం. ఆ పట్టీలను ఖాళీ క్యాప్సూల్‌లో పెట్టి పిల్లికి మింగిస్తే హాని ఉండదు, మర్నాటికల్లా ఆ మందు మూత్రంలోకి దిగుతుంది. అల్ట్రావయొలెట్ లైటు కింద ఆ మూత్రం పసుప్పచ్చగా మెరుస్తుంది. పక్క మెరిస్తే మున్నీ, మెరవకపోతే గండుపిల్లి. మా ఆసుపత్రిలో ఆ లైటు లేదని చెబితే శైలజే, "దొంగనోట్లు చూసే లైటు దుకాణంల ఉంది గద మేడమ్," అంది. శనివారం సాయంత్రం మున్నీకి క్యాప్సూల్ మింగించి పంపి, ఆదివారం పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాను.

శైలజ భర్త నాగేశ్వర్ గుమ్మంలోనే ఎదురయ్యాడు. చేతిలో గోనెసంచి ఉంది. "చూసి చెప్పండి మేడమ్. పడవాయన ఎదురుచూస్తుండు," అన్నాడు. అతని ముఖంలోనూ ఏమంత సంతోషం లేదు. చేయక తప్పని పనిని తొందరగా ముగించుకోవాలనుకునే మనిషిలా ఉన్నాడు.

ముందు స్టోర్ రూమ్ తలుపులు మూసి టబ్బు మీద లైటు వేశాం. ఇసుక పచ్చగా భగ్గుమంది. "అమ్మో! నోటు మీది దారం లెక్క మెరుస్తాంది," అని శైలజ నవ్వింది. ఇంతలో దుకాణంలోంచి ఎవరో పిలిస్తే వెళ్ళింది. నేను లైటు పట్టుకుని పక్క గదిలోకి వెళ్ళాను.

అది శైలజ అత్తగారు వరలక్ష్మమ్మ గది. డెబ్బై దాటిన మనిషి, గోడ పక్కన ముక్కాలి పీట మీద మున్నీని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. మంచం మీద దుప్పటి ఆ పూట కూడా తడిసే ఉంది. కిటికీ మూసి లైటు వేశాను. మరక మసకగా కనిపించింది తప్ప ఎక్కడా మెరుపు లేదు. గండుపిల్లే అనుకుంటూ వంగి చూశాను. గండుపిల్లి మూత్రం కంపు ఒకసారి ముక్కుకు తగిలితే మర్చిపోవడం కష్టం. ఇక్కడ ఆ కంపు లేదు. తలెత్తి చూస్తే ఆ గది కిటికీకి సన్న ఇనుప జాలీ ఉంది, అందులోంచి ఎలుక కూడా దూరలేదు. దుప్పటి కొస ఎత్తితే కింద పాత చీరలు మడతలు మడతలుగా పరిచి ఉన్నాయి. పిల్లి కోసం ఎవరూ అంత జాగ్రత్తగా చీరలు మడవరు.

"ఏం కనపడ్తలేదా డాక్టరమ్మా?" అంది వరలక్ష్మమ్మ.

"లేదమ్మా."

"లైటు ఖరాబైందేమో. ఇంకోపాలి చూడు."

నేను లైటు ఆర్పేసి, కిటికీ తెరిచి, ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను. ఎన్నాళ్ళ నుంచి అని మాత్రం అడిగాను. ఆమె మున్నీ వీపు నిమిరింది.

"దగ్గినా పడ్తది, లేచేటాల్లకు పడ్తది బిడ్డా. నీళ్ళు తాగుడు తగ్గించిన. భద్రాచలంల చెల్లె బిడ్డ పెండ్లుంటే కాళ్ళ నొప్పని చెప్పి పోలే. మొదటిపాలి అయిన్నాడు ఇది నా పక్కల పండుకొని ఉండె. శైలజ చూసి, ఇదే పోసిందన్నది. నేను నోరు తెరవలే. అట్లనే నడిచింది. కింద చీరలు పరుచుకొని, పొద్దుగాల శైలజ రాకముందే తీసి దాస్త."

"ఇది జబ్బమ్మా. మందులున్నాయి. మీ వయసులో చాలామందికి వస్తుంది."

"నీకు దండం పెడ్త, కోడలికి చెప్పకు."

"మరి మున్నీని తీసుకుపోతారు కదా?"

ఆమె పిల్లి చెవుల మధ్య వేలితో రాస్తూ కూర్చుంది, కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. నాకు ఏడుపొచ్చింది. ఒక పక్క నా పేషెంటు ప్రాణం, ఇంకో పక్క ఈ పెద్దావిడ పరువు, మధ్యలో నేను వెలిగించిన లైటు. గండుపిల్లి మీద నెట్టేద్దామనుకున్నాను. మున్నీ ఈ ఆదివారానికి బతుకుతుంది, తర్వాత ఆమెను ఏదో వంకతో నాకు తెలిసిన లేడీ డాక్టరు దగ్గరికి పంపొచ్చు. ఆ మాటే ఆమె చెవిలో చెప్పాను. ఆమె మున్నీని ఇంకాస్త దగ్గరికి తీసుకుంది.

శైలజ, నాగేశ్వర్ ఇద్దరూ గదిలోకి వచ్చారు. "ఏమైంది మేడమ్? ఇదేనా?" అన్నాడు నాగేశ్వర్ సంచి విప్పుతూ.

"పక్క మెరవలేదు. మున్నీ కాదు. నాకు తెలిసి బయటి..." అంటున్నాను.

"గండుపిల్లి లేదు, ఏం లేదు," అంది వరలక్ష్మమ్మ. "అది నేనేరా. రెండు నెలల సంది నేనే. పిల్లి నోరులేనిది. దాన్ని పంపకండి."

నాగేశ్వర్‌కు ఎటు చూడాలో తెలియలేదు. చేతిలోని సంచి మడిచి చంకలో పెట్టుకుని, "పడవాయనకు చెప్పి వస్త," అని గబగబా బయటికి వెళ్ళిపోయాడు. శైలజ మాత్రం వెళ్ళలేదు. నేను ఆమె నోటికి భయపడ్డానని ఒప్పుకోవాలి. ఆమె మంచం దగ్గరికి వెళ్ళి, దుప్పటి కింద చెయ్యి పెట్టి, ఆ తడి చీరల మడతలు ఒక్కొక్కటీ తడిమి చూసింది.

"ఇన్ని రోజులు తడి మీదనే పండుకున్నవా అత్తమ్మా?"

"నిన్ను లేపుడెందుకని..."

శైలజ నేల మీద కూలబడింది. "పొద్దున లేస్తే దాన్ని ఎన్ని మాటలన్న. ముసల్దానివైనవ్, తిండికి తప్ప దేనికీ పనికిరావన్న. ఇల్లంత కంపు చేస్తున్నవ్, ఎప్పుడు చస్తవన్న. అవన్నీ నువ్వు ఇదే గదిల కూసోని విన్నవా?"

వరలక్ష్మమ్మ కోడలి తల మీద చెయ్యి వేసింది. "నన్ననలేదు గద బిడ్డా, పిల్లినే గద అన్నవు," అంది. అది విని శైలజ ఇంకా గట్టిగా ఏడ్చింది. నేను లైటు అక్కడే పెట్టేసి బయటికి వచ్చేశాను.

ఆ వారంలోనే శైలజ అత్తగారిని భద్రాచలంలో లేడీ డాక్టరుకు చూపించింది. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంది, కింది కండరాలు వదులయ్యాయి. మందులూ వ్యాయామాలూ ఇచ్చారు. పూర్తిగా తగ్గలేదు కానీ చాలా నయమైంది. తగ్గని రోజుల కోసం రబ్బరు షీటు కొన్నారు. మున్నీ ఆ తర్వాత ఏడాదిన్నర బతికి, ఆ మంచం మీదే పోయింది.

ముసలి పిల్లి ఇల్లు పాడుచేస్తోందని ఎవరైనా వస్తే నేనిప్పటికీ ముందు కీళ్ళు చూస్తాను, మూత్రం పరీక్షిస్తాను, తొట్టి ఎత్తు అడుగుతాను. ఇవి చదువుకున్నవే. ఆ పక్క మీద ఎవరు పడుకుంటారో కూడా అడగాలని కుంటలో నేర్చుకున్నాను. జవాబు ఏదైనా సరే, ఇంకో మాట చెప్పి పంపుతాను. ఇంట్లో ముసలి జంతువును తిట్టేటప్పుడు కాస్త మెల్లగా తిట్టండి, పక్క గదిలో ఎవరైనా వింటుంటారు అంటాను.