మూడు అంగుళాల నూనె: తిరువూరు మెట్టలో ఒక జీపు పరీక్ష

ఒక జీపు పనికిరాదని తేల్చడానికి మా శాఖలో నాలుగు నివేదికలు కావాలి. తిరువూరు సెక్షను జీపు విషయంలో అప్పటికే మూడు వచ్చి ఉన్నాయి. మూడింటిలోనూ ఒకే మాట: వాహనము పొగ విడుచుచున్నది, ఎత్తు ఎక్కలేకున్నది. నాలుగోది రాసి దానిని వేలానికి పంపే బాధ్యత నాకు అప్పగించారు. జీపు పోతే డ్రైవరు ఉద్యోగమూ పోతుంది. అతని నియామకపు ఉత్తర్వులో "సదరు వాహనము ఉన్నంతవరకు" అని ఉంది. చెరువులూ వాగులూ చూసుకునే శాఖకు ఇంతకంటే పొదుపైన వాక్యం దొరకదు. మెట్ట ప్రాంతంలో జీపు మీద తిరగదలచిన వారికి పనికివస్తుందని, ఆ ఒక్క రోజు ప్రయాణాన్ని జరిగిన వరుసలో ఇక్కడ పెడుతున్నాను.

మార్చి నెల. బెజవాడలో ఉదయం ఆరు గంటలకు బస్సు ఎక్కాను. మైలవరం, ఎ.కొండూరు మీదుగా తిరువూరు చేరేసరికి తొమ్మిది కావచ్చింది. టికెట్టు నాలుగు రూపాయలకు కాస్త తక్కువ. ఈ దారిన పొద్దున పూట వెళ్ళేవారు ఎడమవైపు కూర్చోవాలి. ఎండ, ఎదురు లారీల దుమ్ము రెండూ కుడివైపు వారికే దక్కుతాయి. నేను కుడివైపు కూర్చున్నాను. ఎ.కొండూరు దాటాక నేల ఎర్రబారింది. మామిడి తోటలు పిందె మీద ఉన్నాయి. రోడ్డు పక్క చెట్ల ఆకులు మాత్రం ఆకుపచ్చగా ఉండే అవకాశాన్ని కోల్పోయి, ఇటుక రంగులో ఉన్నాయి. దుమ్ము అనేది ఈ ప్రాంతపు ముఖ్యమైన ఉత్పత్తి అని అప్పుడే గ్రహించి ఉండవలసింది.

బస్టాండు ఎదుట ఒక పాకహోటలు ఉంది. ఇడ్లీ అడిగాను. పొయ్యి దగ్గరి పెద్దావిడ తల తిప్పకుండానే, "ఇడ్లీ అయిపోయిందండి. పెసరట్టు వేస్తాను, కూర్చోండి. ఆ జీపు తీసెయ్యడానికి వచ్చింది మీరేనా?" అంది.

"ఎవరు చెప్పారమ్మా?"

"చెప్పేదేముందండి. డ్రైవరు దానియేలు రోజూ పొద్దున్నే రెండు టీలు తాగుతాడు. ఇవాళ ఒక్కటీ తాగకుండా పోయాడు. కూతురు టీచరు ట్రైనింగులో చేరి ఆర్నెల్లు కాలేదు పాపం. అల్లం పచ్చడి వెయ్యమంటారా?"

వెయ్యమన్నాను. పెసరట్టు ముప్పై పైసలు, కాఫీ పావలా. రెండూ మెచ్చుకోదగినవే. అయితే ఆవిడ నా విస్తరి వైపు చూసిన చూపును బట్టి, అవి నాకు కాస్త అయిష్టంగా వడ్డించబడినవని చెప్పగలను.

సెక్షను ఆఫీసు ముందు జీపు కడిగి నిలబెట్టి ఉంది. డ్రైవరు దానియేలుకు నలభై అయిదేళ్ళుంటాయి. ఖాకీ బట్టలు ఇస్త్రీ చేయించాడు. "నమస్కారమండి" అని, నేను అడగకముందే బానెట్టు ఎత్తి, ఎయిర్ క్లీనరు మూత విప్పి, నా చేతికి ఒక వెదురు పుల్ల ఇచ్చాడు.

ఈ పుల్ల గురించి చెప్పాలి. జీపు ఇంజను పీల్చే గాలి ముందుగా ఒక నూనె గిన్నెలోకి వస్తుంది. నూనెను తాకి పైకి మళ్ళేటప్పుడు బరువైన దుమ్ము అందులో పడిపోతుంది. మిగిలినది పైనున్న తీగె పీచుకు అంటుకుంటుంది. శుభ్రమైన గాలి కార్బురేటరుకు పోతుంది. గిన్నెలో నూనె మూడు అంగుళాలు ఉండాలని మా శాఖ సర్క్యులరు. కొలవడానికి గాటు పెట్టిన వెదురు పుల్లలు జిల్లా అంతటా పంపారు. పుల్ల ముంచాను. నూనె సరిగ్గా గాటు దగ్గర నిలిచింది. ఆ సంగతి రాసుకున్నాను.

పది గంటలకు పెనుగొలను దారి పట్టాం. అది దాటాక ఒక వాగు ఉంది. అవతలి గట్టు నిటారుగా, గులకరాళ్ళతో ఉంటుంది. పరీక్ష అక్కడే. ఊరు దాటకముందే మా వెనుక తెల్లని, కొంచెం నీలం కలిసిన పొగ మొదలైంది. సైకిలు మీద పోతున్న ఒకాయన దిగి, తువ్వాలు ముక్కుకు కట్టుకొని, "దోమలకి మందు కొడుతున్నారాండీ?" అని అడిగాడు. దానియేలు జవాబు చెప్పలేదు. నేనూ చెప్పలేదు, ఆ పని మా శాఖ పరిధిలోకి రాదు కనుక.

వాగులో దిగడం సునాయాసంగా జరిగింది. ఎక్కడం జరగలేదు. ఫోర్ వీల్ గేరు వేసి మూడుసార్లు ప్రయత్నించాడు. సగం గట్టు దాకా వచ్చి, ఇంజను ఉక్కిరిబిక్కిరై ఆగిపోయేది. మూడోసారి ప్లగ్గులు విప్పి చూపించాడు. నల్లగా, నూనె ఓడుతున్నాయి. నేను పుస్తకం తీశాను. అప్పటికి గట్టు మీద ఒక రైతు చుట్ట కాలుస్తూ మమ్మల్ని చూస్తున్నాడు.

"అదేంటి దానియేలూ! మొన్న మా చెరుకు బండి దిగబడితే ఈ జీపుతోనే లాగి ఒడ్డున పడేశావుగా. ఇవాళ దీనికేమొచ్చింది?"

నేను దానియేలు వైపు చూశాను. అతను ప్లగ్గు తుడుస్తూ అన్నాడు: "మొన్న ఇన్‌స్పెక్షన్ లేదండి."

ప్లగ్గులు తుడిచి బిగించి, జీపును వెనుకకు తిప్పి, వచ్చిన దారినే తిరువూరు తెచ్చాడు. మెకానిక్కు మస్తాన్ షెడ్డు ముందు ఆపి, "ఈయన చెబుతాడండి" అని తాను పక్కకు వెళ్ళి నిలబడ్డాడు.

మస్తాన్ అరవై ఏళ్ళ మనిషి. మూత ఎత్తి, నూనె చూసి, నవ్వాడు. "ఇవాళ పరీక్షన్నమాట. చూడండి సార్, ఈ గిన్నె లోపల కంపెనీవాడు ఒక గీత కొట్టాడు. అడుగు నుంచి అంగుళంన్నర. దానియేలు రోజూ గీత దాకానే పోస్తాడు. ఇన్‌స్పెక్షన్ రోజు తెల్లారగట్ల మాత్రం మూడు అంగుళాలు చేస్తాడు. గాలికి దారుండదు. ఇంజను గట్టిగా పీలుస్తుంది. గాలితో పాటు నూనె కూడా తాగుతుంది. పొగ రాక ఏమొస్తుంది?"

"గీత దాకానే ఉంచి చూపించవచ్చు కదా?"

"చూపిస్తే సర్క్యులరు తప్పినట్టు. చూపించకపోతే జీపు చెడినట్టు. మొదటి దానికి వెంటనే పోతుంది సార్ ఉద్యోగం, రెండోదానికైతే కాస్త ఆలస్యంగా పోతుంది. అయినా ఆ మూడు అంగుళాలు రాసిన మహానుభావుడు జన్మలో బానెట్టు ఎత్తి ఉండడు."

ఆ మహానుభావుడు అతని ముందే ముక్కాలి పీట మీద కూర్చుని ఉన్నాడు. నాలుగేళ్ళ క్రితం డెల్టాలో ఒక జీపు గిన్నె ఎండిపోయి, ఇంజను పాడైంది. అటువంటిది పునరావృతం కారాదని నన్ను ముసాయిదా రాయమన్నారు. అంగుళంన్నర అని కంపెనీ పుస్తకంలో ఉంది. ముందుజాగ్రత్త కోసం దానిని రెట్టింపు చేశాను. మంచిది రెట్టింపైతే ఇంకా మంచిదవుతుందన్న నమ్మకం తప్ప నా దగ్గర వేరే ఆధారం లేదు. ఈ విషయం మస్తాన్‌కు ఆ క్షణంలో తెలియజేయడం అవసరమని తోచలేదు.

"అసలీ గిన్నె తీసేస్తే?" అని అడిగాను. "కొందరు తీసేసి నడుపుతారని విన్నాను."

మస్తాన్ మూల నుంచి ఒక పిస్టను తెచ్చి నా చేతిలో పెట్టాడు. దాని ఒళ్ళంతా గీతలు. "విస్సన్నపేట ఆసామిదండి. షికారు జీపు. గిన్నె తీసేశాక గుర్రంలా పరిగెత్తింది, నిజమే. ఒక్క వేసవి. మన దుమ్ము ఇంజను నూనెలో కలిసిందంటే గరుకు కాగితమే. రేకు డబ్బాలో కాగితం ఫిల్టర్లు వస్తున్నాయి, బాగానే ఉంటాయి, కానీ ఇక్కడ వారానికొకటి మార్చాలి, అది బెజవాడ నుంచి రావాలి. మనకు నూనె గిన్నే మేలు. కిరసనాయిలుతో కడుక్కో, గీత దాకా పోసుకో. అంతే."

తరువాత గంటసేపు అతను పనిచేశాడు. గిన్నె, పీచు కడిగాడు. గీత దాకా తాజా నూనె పోశాడు. కిందటి ఇన్‌స్పెక్షన్ తరువాత పొగ తగ్గించమని జిల్లా వర్క్‌షాపుకు పంపితే, వారు కార్బురేటరు మర తిప్పి పెట్రోలు తగ్గించారట. దానియేలు సర్దుకుని నడుపుతున్నాడు గానీ, బరువు మీద ఇంజను తుమ్ముతోంది. మస్తాన్ ఇంజను నడుస్తుండగానే స్క్రూడ్రైవరు పెట్టి, కళ్ళు మూసుకొని, ఆ మరను కొద్దికొద్దిగా తిప్పాడు. చప్పుడు బిగుసుకుంది, చెదిరింది, మళ్ళీ కుదిరింది. కుదిరిన చోట చేయి తీసేశాడు. ప్లగ్గు విప్పి చూపించాడు: ఇటుకపొడి రంగు. "ఈ రంగు ఉంటే ఇక దాని జోలికి పోకూడదు సార్. గాలి మారిస్తే పెట్రోలు మార్చాలి. ఒకటి కదిపి రెండోది వదిలేస్తే లాభం లేదు."

భోజనం చేసి, మూడింటికి మళ్ళీ బయలుదేరాం. పొగ లేదు. వాగులో దిగి, ఎదుటి గట్టుకు ముక్కు పెట్టి, దానియేలు ఒకసారి నా వైపు చూశాడు. కానిమ్మన్నాను. గులకరాళ్ళు చక్రాల కింద నుంచి ఎగురుతుండగా, జీపు ఆగకుండా, తొందర లేకుండా పైకి ఎక్కింది. పైన చేరాక ఇంజను ఆపాడు.

చెప్పక తప్పదనిపించింది. "దానియేలూ, ఆ సర్క్యులరు రాసింది నేనే."

"తెలుసండి," అన్నాడు ఎదురుగా చూస్తూ. "కింద మీ సంతకం ఉంది కదండీ. గోడకే ఉంటుంది, రోజూ చూస్తాను."

"మరి పొద్దున పుల్ల ఇచ్చేటప్పుడు చెప్పలేకపోయావా?"

"మీరు రాసింది తప్పని మీకే ఎలా చెప్పమంటారండీ? నా పిల్ల చదువు ఇంకా ఏడాదిన్నర ఉంది."

గట్టు మీద రాతి మీద కూర్చుని, అక్కడే నివేదిక రాశాను. "వాహనమునందు లోపము లేదు. లోపము సర్క్యులరునందు కలదు. సర్క్యులరు రచించినది ఈ దిగువ సంతకము చేసిన వాడు. డ్రైవరు సదరు సర్క్యులరును ఉల్లంఘించుట చేతనే ప్రభుత్వ ఇంజను నేటి వరకు జీవించియున్నది." చివరి వాక్యం దగ్గర ఆగి, అతనికి చదివి వినిపించాను. ఉల్లంఘన అన్న మాట ఉంచనా, తీసేయనా అని అడిగాను.

"ఉంచండి. తీసేస్తే ఇంకొకాయన వచ్చి మళ్ళీ పుల్ల ముంచుతాడు."

ఉంచాను. వారం తిరక్కుండా నా సంజాయిషీ కోరుతూ మెమో వచ్చింది. పాతిక సంవత్సరాలుగా ఇతరులకు పంపిన మెమోలలో ఒకదాని భాష ఎంత చల్లగా ఉంటుందో అప్పుడు తెలిసింది. నా ఇంక్రిమెంటు ఒకటి ఆగింది. వేలం ఆగింది. పుల్లలను వెనుకకు పంపమని ఉత్తర్వు వెళ్ళింది. ఎన్ని తిరిగి వచ్చాయో విచారించలేదు. దానియేలు నుంచి ఒక కార్డు వచ్చింది. జీపు బాగుందనీ, ఎత్తు ఎక్కుతున్నదనీ రెండు వాక్యాలు. కృతజ్ఞత గురించి ఏమీ లేదు. ఉండవలసిన అవసరమూ లేదు. నాలుగేళ్ళుగా నేను అతని మెడ మీద పెట్టిన దానిని నేనే తీశాను, అంతే కదా. ఈ వయసులో నన్ను ఆలోచింపజేసేది మరొకటి: ఆ జిల్లాలో ఇంకా ఎన్ని జీపులు, నేనెన్నడూ చూడని ఎంతమంది చేతుల్లో, నా సంతకాన్ని తప్పించుకుంటూ బ్రతికాయో.

ఆ వైపు జీపులో వెళ్ళేవారికి ఒక సూచన. రోజంతా ఎడ్లబండ్ల వెనుక దుమ్ములో నడిచిన సాయంత్రం ఎయిర్ క్లీనరు గిన్నె విప్పించండి. నూనె చిక్కగా, బురదగా ఉంటే పారబోసి, కిరసనాయిలుతో కడిగి, లోపలి గీత వరకే పోయించండి, పైన చుక్క కూడా వద్దు. గీత కనిపించకపోతే దాన్ని నడిపే మనిషిని అడగండి. అడిగేటప్పుడు చేతిలో పుస్తకం, కలం లేకుండా చూసుకోండి.