చుక్క ఇంకా రైల్వే గేటు దగ్గరే ఉంది

స్కూలు వ్యాను నడిపే ఆవిడని పిల్లలందరూ పిన్ని అనేవాళ్ళు. పిల్లల్ని చూసి తల్లులు, తల్లుల్ని చూసి వాచ్‌మన్లు, ఆఖరికి స్కూల్లో లెక్కల మాస్టారు కూడా పిన్నీ అనే పిలిచేవాడు. ఆయన వయసులో ఆవిడకి బాబాయిలా ఉంటాడు. మొదట్లో నవ్వొచ్చేది, తర్వాత అలవాటైపోయింది. ఇంట్లోవాళ్ళు పేరు పెట్టి పిలిస్తే ఒక్క క్షణం ఆగి పలికేది.

ఆ వ్యాను అసలు ఆవిడ భర్తది. ఏళ్ళ తరబడి గతుకుల్లో తిప్పి తిప్పి ఆయనకి నడుం పడిపోయింది. ఇక స్టీరింగు ముట్టుకుంటే మంచానికి అంటుకుపోతావని డాక్టరు ఖరాఖండీగా చెప్పాడు. వ్యాను కడిగేటప్పుడు దాన్ని సందులోంచి వెనక్కి తీయడం, మళ్ళీ గోడకి గీసుకోకుండా లోపల పెట్టడం ఆవిడ పనే కాబట్టి చెయ్యి అప్పటికే తిరిగింది. లైసెన్సు తెచ్చుకుంది. మొదటివారం తండ్రులు కొందరు బళ్ళ మీద వెనకాలే వచ్చారు, ఎలా నడుపుతుందో చూద్దామని. చూశారు. రెండోవారం మానేశారు.

ఆ రోజుల్లో పని తేలిగ్గా ఉండేది అనడానికి లేదు. కాని మనుషులతో ఉండేది. మలుపు తిరుగుతూ హారన్ రెండుసార్లు కొడితే చాలు, తడిచేతులు తుడుచుకుంటూ ఒకరు, చెప్పులు తొడుక్కుంటూ ఒకరు గేటు దగ్గరికి వచ్చేవాళ్ళు. "రాత్రంతా దగ్గాడు పిన్నీ, కాస్త కిటికీ పక్కన కూర్చోబెట్టు." "వీళ్ళిద్దర్నీ పక్కపక్కన వేయకు, పిచ్చుకల్లా కొట్టుకుంటారు." అలా గేటు దగ్గర పడే నాలుగు ముక్కలతోనే ఏ పిల్లకి ఏది పడదో, ఎవరింట్లో ఏ గొడవ నడుస్తోందో ఆవిడకి తెలిసిపోయేది. ఎవరికీ చెప్పేది కాదు.

ఆ తర్వాత యాప్ వచ్చింది.

స్కూలువాళ్ళు ఒక కుర్రాణ్ణి పంపి డ్యాష్‌బోర్డు కింద అగ్గిపెట్టెంత పెట్టె బిగించారు. ఇకమీదట వ్యాను ఎక్కడుందో తల్లిదండ్రులకి ఫోన్లో చుక్కలా కనబడుతుంది. పిల్ల దిగేటప్పుడు పిన్ని తన ఫోన్లో "దిగారు" అని నొక్కాలి, తల్లో తండ్రో వాళ్ళ ఫోన్లో "అందారు" అని నొక్కాలి. రెండూ పడితేనే పిల్ల వ్యాను దిగాలి. హారన్ కొట్టకూడదు. ఫోనే చెబుతుంటే హారన్ ఎందుకని ఓ అపార్ట్‌మెంటువాళ్ళు రాసిచ్చారట.

నిజం చెప్పాలంటే పిన్నికి మొదట్లో ఇది నచ్చింది. పిల్లల్ని ఎవరికి అప్పగించామన్నది తేలిపోతే తన మీద మాట రాదు కదా అనుకుంది. భర్తకి కూడా చుక్క చూపించి మురిసిపోయింది. "ఇదుగో, రేపట్నుంచి నువ్వు మంచం మీద పడుకునే నా వెంట రావచ్చు" అంది.

ఆ మురిపెం ఎన్నాళ్ళో నిలవలేదు. వ్యాను కదిలితే ఫోను, ఆగితే ఫోను. లాయరు అని పిలిచే పిల్ల ఒకతి ఉంది, దేనికైనా వాదిస్తుంది కాబట్టి ఆ పేరు. ఓ రోజు ఆ పిల్ల పక్కనున్న కుర్రాడు వాంతి చేసుకున్నాడు. పిన్ని వ్యాను పక్కకి ఆపి వాడి మూతి కడిగి, సీటు తుడుస్తుండగా నడుముకి దోపుకున్న ఫోను మోగింది.

"అక్కడెందుకు ఆగారండీ?"

"బాబు కక్కుకున్నాడమ్మా, కడుగుతున్నాను."

"మా బాబా?"

"కాదమ్మా, వేరే బాబు."

"మరి మావాడికి ట్యూషన్ టైమైపోతోంది కదండీ."

ఆ ఫోను పెట్టేలోపు ఇంకోటి. తడిచేత్తో ఫోను, పొడిచేత్తో పిల్లాడు. ఇంకోనాడు కుక్క అడ్డొచ్చి గట్టిగా బ్రేకు వేస్తే అది కాస్తా "నిర్లక్ష్యపు డ్రైవింగు" అని అందరి ఫోన్లకీ వెళ్ళిపోయింది. కుక్క సంగతి ఎవరికీ వెళ్ళలేదు. మరోవైపు గేటు దగ్గరికి వచ్చేవాళ్ళు కూడా చుక్క చూసుకుని సరిగ్గా ఆ నిమిషానికే వచ్చి, ఫోను మీంచి తల ఎత్తకుండా నొక్కి, పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళిపోతున్నారు. రాత్రి ఎవడు దగ్గాడో చెప్పే దిక్కు లేదు. పిన్నికి అదే ఎక్కువ కష్టమనిపించేది, కాని దాన్ని ఎవరికి ఎలా చెప్పుకోవాలో తెలిసేది కాదు.

ఇలా రోజులు వెళ్ళదీస్తుండగా ఒక మధ్యాహ్నం జరిగింది ఆ గొడవ.

స్కూలు నుంచి బయల్దేరి, రైల్వే గేటు దాటి, పెద్ద అపార్ట్‌మెంటు ముందుకొచ్చి ఆగింది పిన్ని. వ్యానులో అక్కడ దిగాల్సినవాళ్ళే మిగిలారు: లాయరు, కవలలిద్దరు, ఇంకా ఒక చిన్నది. ఆ చిన్నది ఆ ఏడాదే బళ్ళో చేరింది. పిలిస్తే పలకదు, అడిగితే తలాడిస్తుంది. పిల్ల వాళ్ళమ్మ డాక్టరు.

గేటు దగ్గర ఎవరూ లేరు. ఎండ నిప్పులు చెరుగుతోంది. వ్యాను ఇంజను ఆపితే లోపల పెనంలా ఉంటుంది, ఆపకపోతే "అనవసరంగా ఇంజను నడుపుతున్నారు" అని వస్తుంది. పిన్ని ఇంజను ఆపి, కిటికీలన్నీ తీసి "దిగారు" నొక్కింది. "వాహనం గమ్యానికి చేరలేదు" అని వచ్చింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే.

కవలల తల్లికి ఫోను చేసింది.

"అమ్మా, వచ్చేశాను. కిందికి రండి."

"మీరింకా రైల్వే గేటు దగ్గరే ఉన్నారు కదండీ."

"లేదమ్మా, మీ గేటు ముందున్నాను."

"ఇందులో రైల్వే గేటనే చూపిస్తోందండీ. మీరు వచ్చాక చేయండి, వస్తాను."

"నేను చెప్తున్నాను కదమ్మా, వచ్చానని."

"కంగారు పడకండి, నెమ్మదిగానే రండి" అని ఆవిడ ఎంతో దయగా ఫోను పెట్టేసింది.

లాయరు వాళ్ళ నాన్నకి చేస్తే ఎత్తలేదు. డాక్టరమ్మకి చేస్తే మీటింగులో ఉన్నాను అని మెసేజి వచ్చింది.

"పిన్నీ, మేం దిగి వెళ్ళిపోతాం" అంది లాయరు.

"ఆగమ్మా. వాళ్ళు నొక్కాలి."

"వాళ్ళు నొక్కకపోతే మేం ఇందులోనే పడుకోవాలా?"

పిన్ని దిగి, వ్యాను తలుపు దగ్గరే నిలబడి వాచ్‌మన్ని కేకేసింది. ఇంటర్‌కమ్‌లో ఒక్కమాట చెప్పమంది. అతను గేటు ఊచల మధ్యనుంచి తన ఫోను చూసుకుని తల అడ్డంగా ఊపాడు.

"వ్యాను వచ్చినట్టు నా దాంట్లో పడలేదమ్మా. ఇంటర్‌కమ్ తీసేశారు, అంతా ఇందులోనే."

"నేను కనబడుతున్నానా లేదా నీకు?"

"కనబడుతున్నావమ్మా."

"వ్యాను కనబడుతోందా?"

"కనబడుతోంది. కాని ఇందులో రావాలి కదమ్మా. మొన్న ఊరికే గేటు తీశానని నాకు అక్షింతలు పడ్డాయి."

అతన్ని తిట్టడానికి కూడా నోరు రాలేదు. అతనిదీ తన బతుకే. ఒళ్ళు మాత్రం మండిపోతోంది.

అప్పుడే కవలల్లో ఒకడు "పిన్నీ, చిన్నది ఏడుస్తోంది" అన్నాడు. పిన్ని లోపలికి తల పెట్టి చూసింది. చిన్నది సీటు చివర కూర్చుని, స్కూలు సంచీని ఒళ్ళో గట్టిగా అదుముకుని, చప్పుడు లేకుండా ఏడుస్తోంది. కింద రేకు మీద తడి పాకుతోంది. పాపం, ఎప్పట్నుంచి ఆపుకుందో. అడిగే అలవాటు లేని పిల్ల. గేటు అవతల, అరవై అడుగులు కూడా లేని దూరంలో ఆ పిల్ల ఇల్లుంది. అక్కడ ఆయా కూడా ఉంది, చుక్క కదిలేదాకా కిందికి రాకూడదని చెప్పి ఉంటారు కాబట్టి పైనే కూర్చుంది.

పిన్ని పిల్లని ఎత్తుకుంది. చీర తడిసింది. పిల్లని చంకన వేసుకునే ఇవతలికి వచ్చి, డ్రైవరు కిటికీలోంచి చెయ్యి పెట్టి హారన్ నొక్కి పట్టుకుంది. రెండుసార్లు కాదు. వదలకుండా పట్టుకుంది.

తలుపులు తెరుచుకున్నాయి. బాల్కనీల్లోకి జనం వచ్చారు. "ఎవరండీ ఆ న్యూసెన్సు?" అని ఎవరో అరిచారు. అరిచినాయనే కిందికి చూసి, లోపలికి తిరిగి ఎవరినో పిలిచాడు. కాసేపటికి కవలల తల్లి వచ్చింది. తలకి తువ్వాలు చుట్టుకుని ఉంది. వస్తూనే ఫోను పిన్ని ముఖం ముందు పెట్టింది.

"చూడండి, చుక్క ఇంకా రైల్వే గేటు దగ్గరే ఉంది."

అబద్ధం చెప్పానని నన్ననుకోకండి అన్నట్టు ఉంది ఆవిడ గొంతు. పిన్ని ఆ ఫోను వంక చూడలేదు. "ఈ పిల్లని పైకి తీసుకెళ్ళాలమ్మా, బట్టలు మార్చాలి" అంది. ఆవిడ అప్పుడు చూసింది, పిల్లనీ, పిన్ని చీరనీ. ఫోను కిందికి దించి, చిన్నదాన్ని అందుకుంది. మిగతా ముగ్గురూ ఆవిడ వెంట లోపలికి వెళ్ళారు. ఎవరి ఫోన్లోనూ ఎవరూ ఏదీ నొక్కలేదు.

ఇంటికెళ్ళాక పిన్ని వ్యాను కడుగుతూ తిట్టింది, చీర ఉతుకుతూ తిట్టింది, భర్తకి కథంతా చెబుతూ మళ్ళీ మొదట్నుంచీ తిట్టింది. "మనిషి ఎదురుగా నిలబడి వచ్చానంటే నమ్మరు. అదేమో చుక్క, దాన్ని నమ్ముతారు. కళ్ళెందుకిచ్చినట్టు వీళ్ళకి?" ఆయన ఊ కొడుతూ విన్నాడు. చీకటి పడుతుంటే ఆవిడ అలవాటుగా ఫోను తీసి, అందులో కూతురి చుక్క చూసి, "దీన్ని చూడు, ఇంకా మందుల షాపులోనే ఉంది. ఆ యజమాని ఎప్పుడూ ఇంతే, ఆడపిల్లని ఇంత పొద్దుపోయేదాకా ఉంచుతాడు" అని కూతురి మీద మొదలుపెట్టింది.

భర్త వింతగా చూశాడు. "ఎవరు?"

"ఎవరేమిటి, నీ కూతురు."

"అమ్మాయి వచ్చి ఎంతసేపైంది. స్నానం చేస్తోంది."

కూతురు తల తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. "ఫోను షాపులో మరిచిపోయానమ్మా. రేపు తెచ్చుకుంటాను. ఏం?" అంది. ఇందాకే లోపల నీళ్ళ చప్పుడు పిన్ని విన్నది. వాకిట్లో చెప్పులు కూడా చూసింది, చూసి పక్కకి జరిపింది. భర్త నవ్వాడు. కూతురికి సంగతి తెలిశాక అదీ నవ్వింది. పిన్నికి నవ్వు రాలేదు. తన మీద తనకే చిరాకేసి, వెళ్ళి పడుకుంది.

మర్నాడు స్కూల్లో వ్యాన్ల వ్యవహారం చూసే ఇన్‌చార్జి పిలిచాడు. మంచివాడే, గొంతు పెంచడు. బల్ల మీద తెర ఆవిడ వైపు తిప్పి చూపించాడు. హారన్ కొట్టినందుకు ఒక ఫిర్యాదు. "అందారు" పడకుండా పిల్లల్ని దించినందుకు ఒకటి. ఆలస్యానికి ఇంకొకటి.

"ఆలస్యం ఎక్కడండీ? రోజూ కంటే ముందే వెళ్ళాను."

"నాకర్థమైంది పిన్నీ. పెట్టె పాడైంది, ఆగిపోయింది. కాని సిస్టంలో మీరు ఇప్పటికీ రైల్వే గేటు దగ్గరే ఉన్నారు."

"ఇప్పటికీనా?"

"ఇప్పటికీ."

"నేను మీ ముందు కుర్చీలో కూర్చున్నాను కదండీ."

ఆయన ఇబ్బందిగా కదిలాడు. కారణం రాసి పంపితే చాలు, తను పైకి చెబుతానన్నాడు. కారణం కూడా యాప్‌లోనే ఇవ్వాలి. అందులో ట్రాఫిక్, టైరు పంక్చరు, వాతావరణం, డ్రైవరు అని ఉన్నాయి. యాప్ అని లేదు. తప్పు తన వల్ల జరగడమన్నది దానికి తోచినట్టు లేదు. ఏదో ఒకటి నొక్కితేగాని ఆ రోజు బండి తీయనివ్వదు. అవతల పిల్లలు గేటు దగ్గర ఎదురుచూస్తుంటారు. పిన్ని చివరికి "వాతావరణం" నొక్కి లేచింది. బయట ఆకాశం అద్దంలా మెరుస్తోంది.

సాయంత్రం డాక్టరమ్మ ఫోను చేసింది. కోప్పడుతుందనుకుంది పిన్ని. ఆవిడ కోప్పడలేదు. "పాప నాకేమీ చెప్పలేదు పిన్నీ. ఆయా చెప్పింది. రేపట్నుంచి నేనే కింద నిలబడతాను" అంది. అన్నట్టే ఓ వారం నిలబడింది. పిల్లని దించుకుంటూ అదీ ఇదీ మాట్లాడింది. రాత్రుళ్ళు పిల్ల నిద్రలో ఉలిక్కిపడుతోందని ఒకసారి చెప్పింది. ఆ తర్వాత ఆవిడకి ఆస్పత్రిలో వేళలు మారాయి. ఆయా రావడం మొదలైంది, చేతిలో ఫోనుతో.

కొత్త పెట్టె వచ్చింది. ఇది ఆగిపోదని, పైగా దీనికి కెమెరా కూడా ఉందని బిగించిన కుర్రాడు గొప్పగా చెప్పాడు. ఆ కెమెరా రోడ్డు వైపు కాదు, పిన్ని ముఖం వైపు. ఆవలిస్తే కూస్తుంది. పక్కకి చూస్తే కూస్తుంది. పిల్లలు ఏదో అన్నారని నవ్వితే ఒకసారి కూసింది, ఎందుకో ఎవరికీ తెలియలేదు.

"మానేయరాదూ" అన్నాడు భర్త ఒకరోజు, నడుం పట్టీ బిగించుకుంటూ. "వ్యాను అమ్మేద్దాం. నువ్వు ఇలా రోజూ రుసరుసలాడుతూ రావడం చూడలేకపోతున్నాను."

"మానేసి?"

ఆయన మళ్ళీ పట్టీ సర్దుకున్నాడు. ఆవిడ తాళాలు తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ పొద్దున వ్యాను నిండుగా ఉంది. రైల్వే గేటు పడింది, వరసగా బళ్ళు ఆగాయి. వెనక నుంచి సన్నగా, ఎవరిదో పోల్చుకోవడానికి క్షణం పట్టేంత సన్నగా, "పిన్నీ" అన్న పిలుపు వినబడింది. చిన్నది. వ్యానెక్కిన ఇన్నాళ్ళకి తనంతట తాను పిలవడం అదే మొదలు. పిన్ని వెంటనే వెనక్కి తిరిగింది. పెట్టె కూయడం మొదలుపెట్టింది.

"ఏమ్మా?" అంది.

చిన్నది ఏదో చెప్పింది. ఆ కూతలో సరిగ్గా వినబడలేదు. పిన్ని సీటులో పూర్తిగా వెనక్కి తిరిగి కూర్చుని, చెవి దగ్గరికి పెట్టి, "మళ్ళీ చెప్పు తల్లీ" అంది.