గంట మోగితే కిందికి రండి

ఆర్డిస్ క్విమ్బీ అయోవాలో ముప్ఫై ఒక్క ఏళ్లు స్కూలు బస్సు నడిపింది. మంచు పడినా గాలివాన వచ్చినా ఆమె బస్సు ఒక్కరోజు ఆగలేదని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. రిటైరయ్యాక ఆ మొండితనమంతా ఎక్కడ పెట్టాలో తెలియక మొగుడు మెర్ల్ మీద పెట్టింది. మెర్ల్ వడ్రంగి, మాట తక్కువ మనిషి. నలభై ఆరేళ్ల కాపురంలో ఆమెతో వాదించి గెలిచింది రెండేసార్లనీ, ఆ రెండుసార్లూ ఆమెకి జలుబు చేసి గొంతు పోయి ఉందనీ అతనే చెబుతాడు.

ఏటా అక్టోబరు చివరి వారంలో ఇద్దరూ పికప్ బండి వేసుకుని ఒహాయోలో కూతురు ట్రూడీ ఇంటికి బయల్దేరతారు. దారిలో కనబడిన పాత సామాన్ల కొట్టు ముందల్లా ఆగుతారు. మెర్ల్‌కి పాతకాలపు చిత్రికలు కావాలి, ఆమెకి ఎనామెల్ కాఫీ కూజాలు. హాలోవీన్ సాయంత్రం మనవలకి వేషాలు వేసి, ఇంటింటా మిఠాయిలు అడగడానికి వీధి తిప్పి, మర్నాడు తిరుగుదారి పడతారు. ఈ ఏడు బండెక్కబోతుండగానే ట్రూడీ ఫోన్ చేసింది.

"అమ్మా, ముందే చెబుతున్నా. మేబెల్ ఈసారి హాలోవీన్‌కి బయటికి రానంటోంది. దాన్ని కదిలించకు, నీకు పుణ్యముంటుంది."

"రానన్నది అదా, నువ్వా?"

"చూశావా, అప్పుడే మొదలెట్టావు!"

మేబెల్‌కి పదేళ్లు. ఫిబ్రవరిలో మంచు గడ్డకట్టిన రోడ్డు మీద వాళ్ల కారు జారి గుంటలోకి దొర్లినప్పుడు తక్కినవాళ్లు చిన్న గాయాలతో బయటపడ్డారు. మేబెల్ వెన్ను దెబ్బతింది. ఇక నడవలేదని వేసవికి ముందే తేలిపోయింది. ఇప్పుడు చక్రాల కుర్చీలో బడికి వెళ్తోంది.

ఫోన్ పెట్టేసిన దగ్గర్నుంచీ ఆర్డిస్ ఇల్లినాయ్ దాటేదాకా నోరు విప్పలేదు. మెర్ల్‌కి అది ఆమె అరుపుల కన్నా భయం. ఇండియానాలో ఒక పెద్ద గొడ్ల కొట్టాన్ని కొట్టుగా మార్చుకున్న చోట ఆగారు. లోపల, తుప్పు పట్టిన నాగళ్ల వెనక, మంచు మీద పిల్లల్ని కూర్చోబెట్టి తోసే బండి ఒకటి ఉంది. నూరేళ్ల కిందటిది. చక్రాలకి బదులు వంపు తిరిగిన ఇనప బద్దలు, ముందు హంస మెడలాంటి చెక్క, వెలిసిపోయిన ఎర్ర రంగు.

"మెర్ల్, దీని అడుగు కోసేసి పిల్ల కుర్చీ మీద తొడిగితే?"

"తొడిగితే?"

"కుర్చీ కనబడదు. మంచుదేశపు రాణి బండిలో వచ్చినట్టుంటుంది. అప్పుడెందుకు రానంటుందో నేనూ చూస్తాను."

మెర్ల్ బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. అంత పాత పనితనాన్ని కొయ్యాలంటే అతనికి ప్రాణం ఒప్పలేదు. అయినా కొలిచాడు. సరిపోతుంది.

సోమవారం పొద్దున్నుంచీ ట్రూడీ ఇంటి గ్యారేజీలో రంపం ఆడింది. మూడున్నరకి మేబెల్ బడి నుంచి వచ్చేసరికి బండి కొత్త ఎరుపుతో మెరుస్తోంది. ఆరేళ్ల తమ్ముడు ఓటిస్ దాని చుట్టూ గెంతుతున్నాడు. మేబెల్ కుర్చీ ఆపుకుని చాలాసేపు చూసింది.

"చాలా బావుంది అమ్మమ్మా. ఇది వేస్తే నా కుర్చీ కనబడదా?"

"అస్సలు కనబడదమ్మా!"

"అయితే నాకొద్దు."

ఆర్డిస్ కుంచె డబ్బాలో పెట్టేసింది.

"కుర్చీ దాచేస్తే మెట్లు కూడా దాక్కుంటాయా?" అంది మేబెల్. గొంతులో ఏడుపు లేదు, విసుగుంది. "మొన్న జూలైలో మా క్లాసు పిల్ల పుట్టినరోజుకి పిలిచారు. అందరూ మెట్లెక్కి వరండాలో కూర్చున్నారు. నేను కింద, గడ్డిలో. కేకు పళ్లెంలో పెట్టి పంపించారు. హాలోవీన్‌కీ అంతే. ఓటిస్‌గాడు ఇల్లిల్లూ ఎక్కి నా వంతు అడుక్కొస్తాడు. నేనేమో పాత సామానులాగా రోడ్డు మీద. రాణి వేషం వేసినా సామాను సామానే కదా."

"అయితే ఈ బండి నాకే!" అని ఓటిస్ అందులో దూరి నిలబడ్డాడు. ఎవరూ వద్దనలేదు.

ఆ పూట ట్రూడీ తల్లిని వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది.

"కదిలించకన్నానా? ఎనిమిది నెలల నుంచి అది ఏడవకుండా ఉండేలా చూసుకుంటున్నాను. నువ్వు వచ్చిన మర్నాడే..."

"అది ఏడవలేదు ట్రూడీ. నాకు బుద్ధి చెప్పింది."

"ఈ ఒక్క ఏడూ వదిలెయ్యమ్మా."

"ఒక ఏడు వదిలేస్తే రెండో ఏడు వదలడం ఇంకా సులువు. అలా వదిలేసిన పిల్లల్ని నా బస్సులో చూశాను."

ఆర్డిస్‌కి కోపం వచ్చింది తన మీదే. మంగళవారం తెల్లవారగానే కోటు తొడుక్కుని ట్రూడీ వాళ్లుండే చెస్ట్‌నట్ వీధి ఈ చివర నుంచి ఆ చివరకి నడిచింది. పన్నెండేళ్లుగా నడుస్తున్న వీధే. ఇరవై ఏడు ఇళ్లు. మెట్లు లేనివి రెండు. మూలనున్న ఇంటికి తొమ్మిది మెట్లు. గుమ్మడికాయలు, దూదితో అల్లిన సాలెగూళ్లు, అట్ట అస్థిపంజరాలు, అన్నీ పైన వరండాల్లోనే ఉన్నాయి.

మధ్యాహ్నం పిల్ల రాగానే చెప్పేసింది. "ఇదిగో, నేను ఇంటింటికీ వెళ్లి, శుక్రవారం హాలోవీన్‌కి మిఠాయిలు కిందికి దిగి ఇమ్మని అడుగుతాను. అంతే కదా?"

"నా బదులు నువ్వు అడిగినా అది అడుక్కోవడమే. నేనే చెబుతా."

"ఎలా చెబుతావే, తలుపు కొట్టాలంటే మెట్లెక్కాలిగా?"

మేబెల్ పెన్సిల్ కొరుకుతూ ఆలోచించింది. "కేక వేస్తే వినబడదు. కారు హారన్‌లాంటిది ఏదైనా కావాలి. కానీ హారన్ మర్యాదగా ఉండదు."

అప్పుడు నోరు తెరిచాడు మెర్ల్. "గంట."

ఊరి నడిబొడ్డున ఐరీన్ ప్రూసాక్ అనే ఆవిడ పాత సామాన్ల కొట్టు ఉంది. వెంటనే ముగ్గురూ అక్కడికి వెళ్లారు. ముందువైపు మూడు మెట్లు. ఆర్డిస్ వాటిని చూసి పళ్లు కొరికింది. ఐరీన్ అద్దంలోంచి చూసి తనే బయటికి వచ్చింది.

"వెనక్కి రండి. బీరువాలు ఎక్కించే వాలుబల్ల ఉంది. బీరువా ఎక్కగా లేంది నువ్వెక్కలేవా పిల్లా?"

మేబెల్ ఫక్కున నవ్వింది. గ్యారేజీ ముందు మాటలయ్యాక పిల్ల నవ్వడం అదే మొదలు.

కొట్లో గంటలు చాలానే ఉన్నాయి. ఆవు మెడలో కట్టేది గొణిగింది. హోటలు బల్ల మీద కొట్టేది కీచుమంది. పొలంలో పనివాళ్లని భోజనానికి పిలిచే గంటకి స్తంభం కావాలి. చివరికి ఒక ఇత్తడి చేతిగంట దొరికింది. పూర్వం పంతులమ్మలు బడి వేళయిందని వాకిట్లో నిలబడి కొట్టేది. మేబెల్ చెయ్యెత్తి ఒక్కసారి ఆడించింది. కొట్టంతా దద్దరిల్లింది. పక్కనున్న ముసలాయన చేతిలో గాజు పళ్లెం వదిలేసి మళ్లీ పట్టుకున్నాడు.

"ఇదే," అంది మేబెల్. "నా వేషం కూడా ఇదే. పాతకాలపు పంతులమ్మని. గుండ్రటి కళ్లద్దాలున్నాయా మీ దగ్గర?"

కళ్లద్దాలతో పాటు మెడదాకా గుండీలున్న నల్ల జాకెట్టూ, చెక్క చట్రం పలకా కూడా తెచ్చుకున్నారు.

బుధవారం సాయంత్రం మేబెల్ వీధిలోకి బయల్దేరింది. కుర్చీ తనే తోసుకుంటోంది. ఆర్డిస్ పదడుగుల వెనక నడిచింది. దగ్గరగా వస్తే పిల్ల ఒప్పుకోలేదు. మొదటి ఇంటి ముందు గంట మోగింది. తలుపు తెరుచుకుని, చేతులకి పిండి అంటుకుని ఉన్న ఒకావిడ వచ్చింది.

"ఏమైందమ్మా, ఎక్కడైనా నిప్పంటుకుందా?"

"లేదండీ. నేను మేబెల్‌ని, పద్నాలుగో నంబరు ఇల్లు. శుక్రవారం ఆరింటికి ఈ గంట మోగితే కిందికి రండి. నేను పైకి రాలేను. మీ మెట్లు అయిదు."

ఆవిడ తన మెట్ల వైపు, ఎవరో రాత్రికి రాత్రి కట్టేసి పోయినట్టు చూసింది. "అయ్యో, తప్పకుండా వస్తానమ్మా."

కొందరు ఒప్పుకున్నారు. కొందరు జాలిగా మొహం పెట్టారు. వాళ్లకి మేబెల్ ఇంకాస్త గట్టిగా చెప్పింది. నాలుగిళ్లలో ఎవరూ లేరు. మూలనున్న తొమ్మిది మెట్ల ఇంట్లో ఎమెట్ హాల్డేన్ ఉంటాడు. ఒంటిగాడు, రైలు ఇంజను నడిపి రిటైరైనవాడు, వీధిలో ఎవరితోనూ పడదు. మూడోసారి గంట కొట్టాక కర్ర పోటేసుకుంటూ వచ్చి పైనే నిలబడ్డాడు.

"ఎందుకా గోల?"

మేబెల్ చెప్పింది.

"బావుంది వరస! నా మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. ఆదివారం దిగితే మళ్లీ ఆదివారం దాకా దిగను. నువ్వు ఎక్కలేవు, నేను దిగలేను. ఇప్పుడేం చేద్దామంటావు పంతులమ్మా?"

ఆర్డిస్ ముందుకు అడుగు వెయ్యబోయి ఆగింది. మేబెల్ తలెత్తి మెట్లని కొలుస్తున్నట్టు చూసింది.

"మీరు దిగక్కర్లేదు హాల్డేన్ గారూ. చాక్లెట్ దిగితే చాలు. మా తాత ఒక గొట్టం తెస్తాడు. మీరు పైనుంచి వదలండి, నేను కింద పట్టుకుంటా."

"మీ తాత ఒప్పుకున్నాడా?"

"ఇంకా తెలీదు. ఒప్పుకుంటాడు."

ముసలాయన మీసం కదిలింది. "గురువారం రమ్మను. పొద్దున్నే. నేను అయిదింటికే లేస్తా."

గురువారం మెర్ల్ వాననీటి గొట్టం తీసుకెళ్లి తొమ్మిది మెట్ల పొడవునా రెయిలింగుకి కట్టాడు. హాల్డేన్ కుర్చీ వేసుకుని కూర్చుని, వాలు సరిపోదు, ఇంకా దించు, ఇంకా, అని గంటసేపు పని చెప్పాడు. ఎనిమిదిసార్లు చాక్లెట్లు వదిలి చూశారు. రెండు మెర్ల్ తినేశాడు.

శుక్రవారం పొద్దున్నుంచీ ముసురు. అయిదున్నరకి ట్రూడీ కిటికీలోంచి చూస్తూ, "వాన పడుతోంది. సగం మంది మర్చిపోయి ఉంటారు. ఎవరూ రాకపోతే?" అంది.

"రాకపోతే మళ్లీ కొడతా," అంది మేబెల్, జుట్టు ముడి సరిచేసుకుంటూ. జాకెట్టు మీద పారదర్శకమైన వాన కోటు తొడుక్కుంది. ఓటిస్ తన ఎర్ర బండిలో కూర్చున్నాడు. మెర్ల్ దానికి మళ్లీ అడుగు వేసి, కింద పాత తోపుడుబండి చక్రాలు బిగించాడు.

ఆరింటికి వీధిలో దయ్యాలూ మంత్రగత్తెలూ గొడుగులతో బయల్దేరాయి. మేబెల్ మొదటి ఇంటి ముందు ఆగి గంట కొట్టింది.

ఎవరూ రాలేదు. లోపల దీపం వెలుగుతోంది, టీవీ చప్పుడు వినబడుతోంది. ఆర్డిస్ కాలు తనంతట తనే మెట్టు మీదికి వెళ్లింది.

"అమ్మమ్మా, దిగు."

దిగింది. ముప్ఫై ఒక్క ఏళ్లు వందలమంది పిల్లల్ని "కూర్చో, లేవకు" అని గద్దించిన మనిషి, పదేళ్ల పిల్ల మాటకి వానలో కట్టెలా నిలబడింది. రెండోసారి గంట. మూడోసారి. అప్పుడు తలుపు ధడాలున తెరుచుకుంది. పిండి చేతులావిడ, కాళ్లకి ఇంట్లో చెప్పులతోనే పరుగెత్తుకొచ్చింది.

"క్షమించు తల్లీ, టీవీ మోతలో వినబళ్లేదు!"

"క్లాసుకి ఆలస్యం," అంది మేబెల్ కళ్లద్దాల మీంచి చూస్తూ. "ఈసారికి వదిలేస్తున్నా. మిఠాయి పెడతారా, అల్లరి చెయ్యమంటారా?" అని ఆ రాత్రి పిల్లలంతా అడిగే మాటే అడిగింది.

తర్వాతి ఇంట్లో రెండో గంటకే వచ్చారు. ఆ తర్వాత వరండాల్లో జనం ముందే నిలబడి గంట కోసం చూస్తున్నారు. గంట వింటే పెద్దవాళ్లే దిగివస్తారని కనిపెట్టి తక్కిన పిల్లలు మేబెల్ వెనక బారులు తీరారు. తడిసిన మెట్లు ఎక్కి దిగే పని లేదు మరి. ఒక ఇంట్లో ఒకాయన పైనుంచే "ఎవరైనా ఎక్కి తీసుకోండి" అని గిన్నె చూపించాడు. ఒక్క పిల్లాడు కదిలితే వాడి చొక్కా పట్టుకుని లాగింది మేబెల్. గంట మాత్రం ఆపలేదు. ఆయన గొణుక్కుంటూ దిగాడు.

ఇచ్చే ఉద్దేశం లేదన్నట్టు మూడిళ్లలో దీపాలు ఆర్పేసి ఉన్నాయి. మేబెల్ పలక మీద వాటి నంబర్లు గైర్హాజరు కింద రాసుకుంది.

హాల్డేన్ ఇంటి దగ్గర గొట్టంలోంచి చాక్లెట్లు జరజర దిగుతుంటే పిల్లలు కేరింతలు కొట్టారు. "ఒకరి తర్వాత ఒకరు! తోసుకోవద్దు!" అని పైనుంచి ముసలాయన అరుపులు. అప్పుడే ఆర్డిస్ పక్కకి ఎవరో వచ్చి నిలబడ్డారు. ట్రూడీ. గొడుగు తెచ్చి, వేసుకోవడం మర్చిపోయింది.

"ఇల్లంతా వినబడుతోందమ్మా గంట. కూర్చోలేకపోయాను," అంది. "దాని చేతులు నొప్పెడతాయేమో. నేను తొయ్యనా?"

"దాన్నడుగు."

ట్రూడీ అడిగింది. మేబెల్ ఆలోచించి, చాక్లెట్ సంచి తల్లి చేతికిచ్చింది. "ఇది మొయ్యి. బరువుగా ఉంది."

శనివారం పొద్దున్న క్విమ్బీ దంపతులు బయల్దేరారు. గంటన్నర ప్రయాణం చేశాక దారిపక్క హోటల్లో పాన్‌కేకులు తింటుండగా ఫోన్ మోగింది. మేబెల్.

"అమ్మమ్మా, హాల్డేన్ గారు ఫోన్ చేశారు. వాళ్లింటికి వాలుబల్ల కట్టించుకుంటారట. మోకాళ్లకి మంచిదట. ఇన్నాళ్లూ ఎవరితో చెప్పాలో తెలీలేదట. తాత ఎప్పుడొస్తాడని అడుగుతున్నారు. నేను ఇవాళ మధ్యాహ్నం అని చెప్పేశా."

"తాతనడక్కుండానే?"

ఫోన్లో మాటలు వింటున్న మెర్ల్ మిగిలిన పాన్‌కేకు ముక్క నోట్లో వేసుకుని, లేచి తాళాలు తీసుకున్నాడు.

"మెర్ల్, మంగళవారం నీకు పళ్ల డాక్టరు దగ్గర..."

"పళ్లు ఎక్కడికీ పోవు," అన్నాడతను. "తొమ్మిది మెట్లకి ఎంత పొడవు కలప కావాలో లెక్క చెయ్యి. దారిలో కొనుక్కుపోదాం."

ఆర్డిస్ కాగితం తీసి రాయడం మొదలుపెట్టింది.