పాటల పెట్టెను మారుస్తున్నదెవరు?

డెబ్బయ్యో దశకం మొదట్లో గోదావరిఖనిలో మాకొక పాటల పార్టీ ఉండేది. అందరం బొగ్గుబాయి పనివాళ్లమే. పెళ్లిళ్లకు, చర్చి పండుగలకు, క్లబ్బు సభలకు వెళ్లి పాడేవాళ్లం. సామాను మాత్రం గోనెసంచుల్లో పోయేది. దించేసరికి మైకు తీగలు ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉండేవి, ఆంప్లిఫయర్‌లో ఏదో ఒక వాల్వు ఊడిపోయి ఉండేది. నాకు ఒళ్లు మండేది.

నేను బాయి మీద ల్యాంపు రూములో పని చేసేవాణ్ని. షిఫ్టుకు వచ్చిన మనిషి తన నంబరు బిళ్ల ఇస్తే, అదే నంబరు గూట్లోని తలదీపం తీసి ఇవ్వడం నా పని. అన్ని దీపాల్లో ఒక్కటి కూడా తారుమారయ్యేది కాదు. ఆ పద్ధతినే పాటల సామానుకూ తేవాలనుకున్నాను. వడ్రంగితో రెండు వైపులా పిడులున్న పెద్ద చెక్కపెట్టె చేయించి, లోపల అరలు కొట్టించాను. కింద ఆంప్లిఫయర్, పైన మైకులు, పక్కన తీగలు. ప్రతి అర మీద ఎర్ర రంగుతో నంబరు, సామాను మీద అదే నంబరు. ఇక ఎవరైనా కళ్లు మూసుకుని సర్దొచ్చని అందరి ముందూ గొప్పలు పోయాను.

మూడో ప్రోగ్రాంకే పెట్టె తెరిస్తే మతిపోయింది. నాలుగో అరలో ఉండాల్సిన తీగ ఒకటో అరలో ఉంది. దాని కొసన ఒక ముడి. ఇంకో తీగకు రెండు ముడులు. ఒక మైకుకు గుడ్డపేలిక చుట్టి ఉంది, రెండోదానికి లేదు.

"ఎవరు ముట్టిన్రు దీన్ని?" అని అరిచాను.

మళ్లీ నంబర్ల ప్రకారం సర్దాను. మళ్లీ మారింది. షిఫ్టులు వేరు కాబట్టి ప్రోగ్రాం అయ్యాక ఎవరు ఉంటే వాళ్లే సర్దేవారు. ఎవరినని పట్టుకోను? పిచ్చి నాకు పట్టిందా, పెట్టెకు పట్టిందా అర్థం కాలేదు.

మా పార్టీలో అందరికంటే పెద్దాయనను కాకా అని పిలిచేవాళ్లం. బాయిలో పట్టాల మీద నడిచే ఇనుప టబ్బుల్లో బొగ్గు నింపేవాడు, బయట మైకులు బిగించేవాడు. నన్ను పార్టీలో చేర్చిందీ ఆయనే. ఒక పెళ్లిలో, మిట్టమధ్యాహ్నం, జనం కూర్చున్నాక కాక పెట్టెలో చెయ్యి పెట్టి తడిమి, మైకు తీగకు బదులు కరెంటు తీగ తీసి ఆంప్లిఫయర్ వెనక గుచ్చబోయాడు. ముందురోజే నేను ముడులన్నీ విప్పి, అంతా నా పద్ధతిలో తిరిగి సర్దాను.

"కండ్లు కనబడ్తలేవా కాకా? గంత పెద్ద నంబరేస్తి గద!" అని పందిరంతా వినబడేలా కసిరాను.

ఆయన నా చెయ్యి పట్టుకుని పందిరి వెనక్కి లాక్కెళ్లాడు.

"కనబడ్తలేవు కొడుకా. ఆర్నెల్ల సంది అంత మసకనే. నువ్వు సర్దితే నాకు దొర్కుతలేదు. గందుకే ముడులేసుకున్న."

"మరి బాయిల ఎట్ల జేస్తున్నవ్?"

"బాయిల ఎవనికి కనబడ్తది? చేతులే పని జేస్తయి. టబ్బు వస్తే చప్పుడైతది. దవాఖానల తెలిస్తే అన్‌ఫిట్ జేస్తరు. ఎవ్వలకు చెప్పకు."

చెప్పనని తల ఊపాను. ఊపింది ఆయనకు కనబడిందో లేదో తెలియదు.

మర్నాడు మొదటి షిఫ్టుకు కాక కిటికీలోంచి బిళ్ల చాపాడు. దీపం తీసి చేతిలో పట్టుకుని నిలబడిపోయాను. ఇస్తే ఏ టబ్బు కిందో పడతాడు, లేదా ఆయన వల్ల పక్కవాడికి దెబ్బ తగులుతుంది. ఇవ్వకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. వెనక వరుసలో "జల్ది ఇయ్యరాదే!" అని అరుస్తున్నారు. నాకు ఏమీ తోచలేదు, భయం వేసింది. దీపాన్ని మళ్లీ గూట్లో పెట్టి, కిటికీ తోటివాడికి అప్పగించి బయటికి వచ్చాను.

"దవాఖానకు పోదాం పా కాకా," అన్నాను.

ఆయన నా వెంట నడిచాడు. డాక్టరు కళ్లు చూసి, ఇక బాయి దిగొద్దని రాసిచ్చాడు.

నేను చేసింది మంచో చెడో ఇప్పటికీ నాకు తేలదు. దవాఖాన మెట్లు దిగుతూ ఆయన నన్ను నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఏదో ఒకటి తేలేదేమో. తిట్టలేదు. నా భుజం మీద చెయ్యి వేసి, ఒక్కో మెట్టు కాలితో వెతుక్కుంటూ, "ఐతారం ప్రోగ్రాం ఎన్నింటికిరా?" అని అడిగాడు.