పికప్ బండికి నేను ఎంచిన పల్చటి ఆయిల్

మా పికప్ బండికి ఏ చిక్కదనం ఉన్న ఇంజిన్ ఆయిల్ పోయాలో తేల్చడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. పెళ్ళికి ఇంత ఆలోచించలేదు. పాపకి పేరు కూడా రెండు రోజుల్లో పెట్టేశాం.

పాప పుట్టాక సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం మానేసి, హైటెక్ సిటీ ఆఫీసులకు కుండీ మొక్కలు కిరాయికి ఇచ్చే పని మొదలుపెట్టాను. ఏసీలో కూర్చునేవాళ్ళకు పచ్చదనం కావాలి, దానికి నీళ్ళు పోసే ఓపిక ఉండదు. మొక్క వాడిపోగానే దాన్ని ప్రగతి నగర్‌లో మా ఇంటికి తెచ్చి, ఎండా గాలీ చూపించి, దాని చోట తేరుకున్న మొక్కని పెట్టి వస్తాను. ఆ సీట్లలో కూర్చునే మనుషులకు కూడా ఈ సదుపాయం ఉంటే నేను ఉద్యోగం మానేదాన్నే కాదు. ఈ పనికోసం ఒక పాత డీజిల్ పికప్ కొన్నాం. కొన్న రోజు మా చర్చి అయ్యగారు వచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థన చేశారు. అందులో ఆయిల్ ప్రస్తావన మాత్రం రాలేదు.

రెండున్నరేళ్ళ పాప నా పక్క సీట్లో తన చిన్న కుర్చీలో కూర్చుని నాతోనే తిరుగుతుంది. ఈ పని పెట్టుకున్నదే అందుకు. బండి మూలపడితే నేను మళ్ళీ ఉద్యోగానికి, పాప డే కేర్‌కి. ఒకసారి మూడు వారాలు పంపి చూశాం. సాయంత్రం తీసుకురావడానికి వెళ్తే ఏడ్చేది కాదు, నా వైపు చూసేది కూడా కాదు. దాన్ని మళ్ళీ అలా చూసే ధైర్యం నాకు లేదు. కాబట్టి ఇంజిన్‌లో ఏ కొత్త చప్పుడు విన్నా రేడియో కట్టేసి చెవి అటే పెడతాను.

మార్చిలో ఆయిల్ మార్చే సమయం వచ్చింది. మామూలు మనిషైతే నిజాంపేట రోడ్డులో షెడ్‌కి తీసుకెళ్ళి, "ఏది పోయాలో అది పొయ్యి" అంటాడు. మేం చదువుకున్నవాళ్ళం. మా ఆయన పెద్ద పెద్ద కంప్యూటర్ వ్యవస్థలకు నమూనాలు గీస్తాడు. ఆయన సలహా ప్రకారం ఎక్సెల్ షీట్ తెరిచాను. ఎడమవైపు ఆయిళ్ళ పేర్లు, పైన ఇరవై రెండు అంశాలు, ఒక్కొక్కదానికి మార్కులు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అడిగితే గంటలో అరవై జవాబులు వచ్చాయి. లిఫ్ట్ పనిచేయడంలేదని పెడితే మూడు వస్తాయి. ఒకాయన ఓటింగ్ పెట్టాడు. పికప్ బండి ముఖం ఎన్నడూ చూడనివాళ్ళంతా శ్రద్ధగా ఓటేశారు.

డబ్బా మీది అంకెల అర్థం నేర్చుకున్నాను. W ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా పారుతుందో చెబుతుంది, తర్వాతది ఇంజిన్ వేడెక్కాక ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. ఓటింగ్‌లోనూ, నా షీట్‌లోనూ 5W-30 గెలిచింది. సున్నాకి ముప్పై డిగ్రీల కింద కూడా బండి స్టార్ట్ అవుతుందట. ఆ అంశానికి నేను పదికి పది వేశాను. డిసెంబర్‌లో రెండు వారాలు వాచ్‌మన్ మంకీ క్యాప్ పెట్టుకోవడం తప్ప మా కాలనీ ఎరిగిన చలి లేదు. అయినా ముందుజాగ్రత్త మంచిదే అనుకున్నాను. పైగా రెండో స్థానంలో వచ్చిన 15W-40 పాత తరం ఆయిల్, 5W-30 కొత్తది. కొత్త వెర్షన్ వచ్చాక పాతది ఎవరు వాడతారు అన్నాడు మా ఆయన. నాకూ న్యాయంగానే తోచింది.

డబ్బా ఆన్‌లైన్‌లో తెప్పించి షెడ్‌కి తీసుకెళ్ళాను. మెకానిక్ యాభై దాటిన మనిషి. డబ్బా తిప్పి చూశాడు.

"ఇది కొత్త కార్లల్ల పోస్తరక్కా. ఈ బండ్లకు పదిహేను నలభై పోస్తం."

నేను ప్రింట్ తీసిన షీట్ చూపించాను. రంగులు కూడా వేసి ఉన్నాయి. అతను చేతులు తుడుచుకుని దాన్ని మర్యాదగా అంచులు పట్టుకుని చూశాడు, తిరిగిచ్చేశాడు.

"సదువుకున్నోళ్లు. మీ ఇష్టం."

దాన్ని నేను మెచ్చుకోలుగా తీసుకున్నాను.

నెల రోజులు బండి మెత్తగా నడిచింది. గ్రూపులో ఆ మాట రాస్తే బొటనవేళ్ళు వర్షంలా కురిశాయి. ఏప్రిల్ చివర్లో ఒక మధ్యాహ్నం, వాడిన మొక్కలతో తిరిగొస్తూ కూకట్‌పల్లి దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. ఎండ మండిపోతోంది. సిగ్నల్ దగ్గర ఆగగానే డాష్‌బోర్డు మీద ఎర్రటి నూనె డబ్బా బొమ్మ వెలిగింది. బండి కదిలితే ఆరుతోంది, ఆగితే వెలుగుతోంది. పాప వేలు పెట్టి చూపించి "లైట్" అంది సంతోషంగా.

మా ఆయనకు ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉన్నాడు. మెసేజ్ పెట్టాడు: "ఒకసారి ఆపి మళ్ళీ స్టార్ట్ చెయ్." ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న ఏ ఇంజినీరైనా చెప్పేది అదే. చేశాను. ఆరినట్టే ఆరి మళ్ళీ వెలిగింది. ఈసారి ఇంజిన్‌లోంచి టకటకమని చప్పుడు కూడా వచ్చింది. బండి పక్కకు తీసి ఆపేసి, పాపని ఎత్తుకుని దిగి మెకానిక్‌కి ఫోన్ చేశాను.

అతను స్కూటర్ మీద వచ్చి, గేజ్ పుల్ల తీసి చూశాడు. ఆయిల్ నిండుగానే ఉంది. బండి పుస్తకం ఉన్నదా అని అడిగాడు. డాష్‌బోర్డు అరలో, తడి టిష్యూలూ బిస్కెట్ ప్యాకెట్ల కింద, ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా ఉంది. విప్పి చూస్తే ఒక పేజీలో థర్మామీటర్ బొమ్మ, దాని పక్కన గీతలు. మన ఊరి ఎండకు ఎదురుగా 15W-40 అని ఒక్క గీత. నా షీట్‌లో ఇరవై రెండు అంశాలున్నాయి. ఈ బండి ఏం అడుగుతోంది అన్న అంశం వాటిలో లేదు. నాలుగేళ్ళు టెస్టింగ్ చేసి, ఇతరుల తప్పులు వెతికి జీతం తీసుకున్నదాన్ని.

పాత ఇంజిన్ లోపల సందులు పెరిగి ఉంటాయనీ, ఈ ఎండలో పల్చటి ఆయిల్ ఇంకా పల్చబడి వాటిలోంచి జారిపోతే ప్రెషర్ పడిపోతుందనీ అతను చెప్పాడు. తెలిసి ఎందుకు పోశారని అడగబోయి మానుకున్నాను. షీట్ చూపించింది నేనే కదా.

బండిని తాడు కట్టి షెడ్‌కి లాక్కెళ్ళారు. ఆయిల్, ఫిల్టర్ మార్చి, 15W-40 పోశాడు. స్టార్ట్ చేసి, పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనని ఇంజిన్‌కి ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఒక చోట, మరో చోట, ఇంకో చోట. లోపల బేరింగులు అరిగిపోయి ఉంటే ఇంజిన్ మొత్తం విప్పాలి, నెలలు పడుతుంది. అంతకాలం ఏ ఆఫీసూ నాకోసం వాడిన మొక్కలు పెట్టుకుని కూర్చోదు. పాప నా మెడ చుట్టూ చేతులు వేసి, చప్పుడుకు తగ్గట్టు తలాడిస్తోంది. నేను లోపల ప్రార్థన చేస్తున్నాను, ఈసారి ఆయిల్ పేరు అంకెలతో సహా చెప్పి.

అతను కళ్ళు తెరిచాడు. "ఫికర్ చెయ్యకుండ్రి. బతికింది."

ఇంకా ఎన్నాళ్ళు నడుస్తుందని అడిగాను.

"మీరు లెక్కలు చెయ్యకుంటె శాన నడుస్తదక్కా."

మర్నాడు పొద్దున అదే దారిలో మొక్కలు వేసుకుని బయల్దేరాం. ప్రతి సిగ్నల్ దగ్గరా నా కళ్ళు డాష్‌బోర్డు మీదే. ఎర్ర బొమ్మ వెలగలేదు. వెలగడంలేదని నమ్మకం కుదరక ఇంకాస్త వంగి చూశాను. వెనక హారన్లు మొదలయ్యాయి. ఎవరో తల బయటపెట్టి, "ఏంది మేడం, గిట్లనే పండుకుంటరా" అని అరిచాడు. పక్క సీట్లోంచి పాప నా మోచేయి తట్టింది.

"అమ్మా, పో."