మామయ్య చెప్పిన సాక్ష్యం

మాది జగ్గయ్యపేటలో కిరాణా కొట్టు. మావారూ నేనూ పొద్దుటి నుంచీ అక్కడే ఉంటాం. అత్తయ్య పోయాక మామయ్య ఇంట్లో ఒంటరిగా కూర్చుని మాట్లాడటమే మానేశారు. అందుకే, మా వాళ్ళ సత్రంలో పగటిపూట పెద్దవాళ్ళ కోసం సెంటర్ పెట్టమని ఇల్లిల్లూ తిరిగాను. సత్రం పెద్దలు కొన్నాళ్ళు నడిపి చూడమన్నారు. తోటివాళ్ళతో అష్టాచెమ్మా ఆడుతూ మామయ్య మళ్ళీ నవ్వడం మొదలుపెట్టారు.

సెంటర్ కొనసాగించాలా వద్దా అని మీటింగ్ పెట్టారు. నందిగామ నుంచి మా ఆడపడుచు మామగారు కూడా వచ్చి ముందు వరసలో కూర్చున్నారు.

"మీరే చెప్పండి మామయ్యా" అన్నాను ధీమాగా.

ఆయన వియ్యంకుడి వంక చూసి, కండువా సర్దుకున్నారు.

"ఏం చెప్పమంటారండీ! నాకింత ముద్ద పెట్టడం కోడలికి బరువైపోయింది. తెచ్చి ఇక్కడ దింపిపోతోంది."

పొద్దునే అడిగి మరీ దిబ్బరొట్టె వేయించుకుని తిన్న మనిషి! అందరూ నావైపే చూశారు. సెంటర్ మూసేశారు.

మర్నాడు మామయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డారు.

"ఏమ్మా, సత్రానికి టైమవలా?"

"మూసేశారుగా, మీ మాట విని."

"అదేంటి? వియ్యంకుడి ముందు పరువు కోసం ఏదో అన్నా. దానికే మూసేస్తారా?"

పెద్దవాళ్ళను పగలు నలుగురిలో కూర్చోబెట్టడమంటే వదిలించుకోవడం కాదని ఇప్పటికీ వాదిస్తూ తిరుగుతున్నాను. సెంటర్ మళ్ళీ తెరిపిస్తాను, మామయ్యను తీసుకెళ్తాను కూడా. సాక్ష్యానికి మాత్రం పిలవను.